నాన్న క్రియాటినిన్ 2.1. ఇంకో సర్వేవాళ్ళు మళ్ళీ రక్తం అడుగుతున్నారు, ఇవ్వాలా?

ఎర్రమట్టి | శనివారం, రాత్రి 9:40

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. కారణం తెలియని కిడ్నీ జబ్బున్న ప్రాంతం. నేను హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌ని. నాన్నకి 54. కొబ్బరి, జీడి తోటల్లో పని. పోయిన నెల ఒళ్ళు నొప్పులని ఆస్పత్రికెళ్తే రక్తపరీక్ష రాశారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 2.1 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. షుగర్ లేదు, బీపీ లేదు, కాళ్ళ వాపుల్లేవు. మనిషి మామూలుగానే ఉన్నాడు, చెట్టెక్కుతానని ఇప్పటికీ గొడవ. మా వీధిలో ఇలాంటి ఫైలున్న ఇళ్ళు ఏడు.

మందుల సంగతి డాక్టరు గారు చూస్తున్నారు. నేను అడగాలనుకున్నది వేరే. ఐదేళ్ళ కిందట ఒక పరిశోధన బృందం మా ఊరొచ్చింది. ఎవరన్నది రాయను. అమ్మానాన్నల రక్తం, మూత్రం, బోరునీళ్ళు ఒక సీసా, గుప్పెడు బియ్యం కూడా తీసుకున్నారు. సీసాకి నంబరు అంటించి, ఐసుడబ్బాలో పెట్టుకుని, నాన్నచేత వేలిముద్ర వేయించుకుని వెళ్ళారు. నాన్నకి సంతకం వచ్చు. అయినా అడక్కుండా సిరా డబ్బా ముందు పెట్టారని ఆయనకి ఇప్పటికీ కోపం. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే. అప్పట్లో నాన్న క్రియాటినిన్ ఎంతుందో వాళ్ళకి తెలుసు, మాకు తెలీదు.

ఇప్పుడు వేరేవాళ్ళు వస్తారట. ఆశా కార్యకర్త వచ్చి చెప్పింది. అమ్మ ఇద్దామంటోంది, నాన్న వద్దంటున్నాడు. ముప్పై ఏళ్ళ పైనుంచి వస్తున్నారు, పోతున్నారు, కారణం మాత్రం చెప్పరు. ఈ పరిశోధనల వల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా?

గట్టుమీద | శనివారం, రాత్రి 10:15

తమ్ముడూ, నాది సోంపేట. బడిపంతులుగా రిటైరయ్యాను. నా దగ్గర చదివిన పిల్లల్లో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ పేర్లు చెప్పమంటే వేళ్ళు చాలవు. నన్నడిగితే ఇదంతా నీళ్ళ వల్లే. బావులున్న రోజుల్లో ఈ రోగం విన్నామా? బోర్లు దిగాయి, రోగం దిగింది. దీనికి అమెరికా నుంచి రావాలా? కొండను తవ్వి ఎలుకను పట్టడం. ఆ ఎలుకైనా దొరకలేదు.

రాత్రిడ్యూటీ | శనివారం, రాత్రి 11:52

విశాఖలో నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) చదువుతున్నాను. మా వార్డులో కొన్ని రోజులు సగం మంచాలు ఉద్దానానివే.

ఎర్రమట్టి అన్నా, మీ నాన్నగారి వివరాలు ఇక్కడి జబ్బుకి అచ్చు గుద్దినట్టున్నాయి. షుగర్ వల్ల కిడ్నీ చెడితే సాధారణంగా మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోతుంది, కాళ్ళు పొంగుతాయి, మనిషి ముందే జాగ్రత్త పడతాడు. ఇక్కడ దెబ్బ తగిలేది వడపోత చేసే ముడుల మీద కాదు. వాటి తర్వాతుండే సన్నటి గొట్టాల మీదా, ఆ గొట్టాల మధ్య కణజాలం మీదా. బయాప్సీ చేస్తే (చిన్న కిడ్నీ ముక్క తీసి చూస్తే) అక్కడే మచ్చలు కట్టి కనిపిస్తుంది. ప్రొటీన్ పెద్దగా పోదు, వాపుండదు. అందుకే చెట్టెక్కే మనిషికి ఉన్నట్టుండి 2.1 అని తెలుస్తుంది. సగం కిడ్నీ పని పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా కదలదు కూడా.

54 ఏళ్ళ మగమనిషికి 2.1 అంటే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ వడపోత వేగం అంచనా, 37 దగ్గర. డయాలసిస్‌కి ఇంకా చాలా దూరం. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తేగానీ దీర్ఘకాలిక జబ్బని ముద్ర వేయం. ఎండలో రోజంతా పనిచేసి, నీళ్ళు తాగక వచ్చినవాడికి ఆ పూట క్రియాటినిన్ పెరిగి కనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం ఇవాళే అడగండి. ఒళ్ళు నొప్పులకి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటున్నారా? డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఈ స్థితిలో కిడ్నీకి నేరుగా దెబ్బ.

ఎర్రమట్టి | ఆదివారం, ఉదయం 7:05

ఫోన్ చేసి అడిగాను సర్. వారానికి రెండు. "సూది లేకపోతే తోటకెలా వెళ్తాను" అన్నాడు.

పిప్పెట్ | ఆదివారం, ఉదయం 8:30

నేను ల్యాబ్ టెక్నీషియన్ని, శ్రీకాకుళంలోనే. అందరూ 2.1, 1.8 అంటుంటారు గానీ ఆ అంకె ఎలా వస్తుందో కూడా కొంచెం తెలియాలి.

చిన్న ల్యాబుల్లో ఎక్కువగా జాఫే పద్ధతి. సీరంలో పిక్రిక్ యాసిడ్ ద్రావణం, క్షారం కలిపితే పసుపు నెమ్మదిగా నారింజరంగుకి తిరుగుతుంది. రంగు ఎంత వేగంగా ముదిరితే క్రియాటినిన్ అంత ఎక్కువ. చూడ్డానికి అందంగా ఉంటుంది. చిక్కేమిటంటే క్రియాటినిన్ కానివి కూడా కొన్ని అదే రంగు తెప్పిస్తాయి. ఎంజైమ్ పద్ధతిలో ఈ గోల తక్కువ, కాకపోతే కిట్టు ఖరీదు. ఒకే మనిషి ఉదయం ఒక ల్యాబులో 1.8, సాయంత్రం ఇంకో ల్యాబులో 2.1 తెచ్చుకున్న రోజులు నేను చూశాను. రాత్రిడ్యూటీ గారి లెక్కలో 1.8 అయితే 44 వస్తుంది, 2.1 అయితే 37. కిడ్నీ అదే, కాగితం మీద మాత్రం ఏడు అంకెలు దిగిపోతాడు.

అంచేత ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. ఇంకోటి, ఊళ్ళో శిబిరాలు పెట్టి మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్ ముంచి "పసుపే ఉంది, పచ్చబడలేదు, నీకేం లేదు" అని పంపేస్తుంటారు. ఈ జబ్బులో స్ట్రిప్ చాలాసార్లు పసుపుగానే ఉంటుంది. దాన్ని నమ్ముకుని వెళ్ళిపోయినవాళ్ళు రెండేళ్ళకి మా కౌంటర్ ముందు నిలబడతారు.

మిసిసిపి_ఒడ్డు | ఆదివారం, ఉదయం 10:10

మాది పలాస దగ్గర, ఇప్పుడు అమెరికాలో ఎపిడెమియాలజీలో (జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం) పని. గట్టుమీద మాస్టారికి జవాబు. మీరన్నది తప్పని అనను. అయితే ఒక కథ వినండి, ఇది నిజంగా జరిగింది.

డాన్యూబ్ నది ఉపనదుల వెంట బల్గేరియా, సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, రొమేనియా పల్లెల్లో అచ్చం మనలాంటి జబ్బు. వైద్య పత్రికల్లోకి ఎక్కింది 1956, 57లలో. ఒక ఊళ్ళో ఇంటింటికీ ఉంటుంది, పక్క ఊళ్ళో ఉండదు. రైతులకే ఎక్కువ. అక్కడివాళ్ళూ నీళ్ళే అన్నారు. బొగ్గుపొరల మీదుగా వచ్చే నీళ్ళన్నారు, లోహాలన్నారు, వైరస్ అన్నారు, ధాన్యానికి పట్టే బూజన్నారు. ఒక్కో దాని మీద ఏళ్ళు గడిచాయి.

1969లో ఒకాయన, ఇవిచ్ అని, గోధుమచేలో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా గింజలు పిండిలో కలుస్తున్నాయేమో చూడండన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత 1990ల మొదట్లో బెల్జియంలో, బ్రసెల్స్‌లో, సన్నబడడానికి చైనా మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్ళకి వరసగా కిడ్నీలు పోయాయి. ఒక మూలిక బదులు పొరపాటున అరిస్టొలోకియా పడిందని తేలింది. వాళ్ళ కిడ్నీ ముక్కలు మైక్రోస్కోపు కింద చూసినవాళ్ళకి ఇవి బాల్కన్ ముక్కల్లానే కనిపించాయి. చివరికి 2007లో బాల్కన్ రోగుల కిడ్నీ డీఎన్‌ఏకి ఆ విషం అతుక్కుని ఉందని చూపించారు. విషం వాళ్ళ రొట్టెలోనే ఉంది.

యాభై ఏళ్ళు పట్టింది. మనవాళ్ళు ముప్పై ఏళ్ళుగా తేల్చలేదంటే నాకు కోపం వస్తుంది, కానీ ఆశ్చర్యం రాదు.

గట్టుమీద | ఆదివారం, ఉదయం 10:48

కథ బాగుంది బాబూ. మరి మన రొట్టెలో ఏముందంటావు? మేం తినేది అన్నం.

మిసిసిపి_ఒడ్డు | ఆదివారం, ఉదయం 11:30

అదే తెలిస్తే ఈపాటికి చెప్పేవాళ్ళు కదా మాస్టారూ. ఇంతవరకూ ఉద్దానంలో ఒక బృందం నీళ్ళలో సిలికా అంది, ఇంకొకరు భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ, జన్యువులు, నొప్పిమాత్రలు అన్నీ అన్నారు. ఏ ఒక్కటీ నిలబడలేదు. ఎందుకో చెప్తాను.

చాలా సర్వేలు ఫోటో లాంటివి. ఒక రోజు వచ్చి ఆ రోజు ఎవరికి జబ్బుందో, ఆ రోజు ఏ నీళ్ళు తాగుతున్నారో రాసుకుంటారు. ఈ జబ్బు ముదరడానికి ఏళ్ళూ పూళ్ళూ. జబ్బని తెలిసిన ఇంట్లో మొదట చేసే పనేమిటి? బోరు మానేసి ప్లాంటు నీళ్ళ క్యాను తెచ్చుకోవడం. అప్పుడు సర్వే కాగితంలో ఏం పడుతుంది? జబ్బున్నవాళ్ళు ప్లాంటు నీళ్ళు తాగుతున్నారు, లేనివాళ్ళు బోరు తాగుతున్నారు అని. లెక్క తలకిందులు. ఇవాళ నింపిన సీసా పదిహేనేళ్ళ కిందటి నీళ్ళ గురించి ఏమీ చెప్పదు.

కావల్సింది సినిమా లాంటి అధ్యయనం. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని, ఇంకా కిడ్నీలు బాగున్నవాళ్ళని, పట్టుకుని పదేళ్ళు వెంట ఉండాలి. ఏడాదికి రెండుసార్లు రక్తం, ఎండాకాలం ముందోసారి, తర్వాతోసారి. డబ్బు కావాలి, ఓపిక కావాలి. ముఖ్యంగా ఊరివాళ్ళు మళ్ళీ మళ్ళీ తలుపు తీయాలి. ఒకసారి వచ్చి మాట తప్పినవాళ్ళు తర్వాత వచ్చేవాళ్ళకి ఆ తలుపు మూసేస్తారు. ఎర్రమట్టి ఇంట్లో జరిగింది అదే.

పచ్చపులుసు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

శ్రీలంకలో కూడా ఇదే కదా? పురుగుమందే అని తేల్చి బ్యాన్ చేశారని ఎక్కడో చదివాను.

మిసిసిపి_ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 2:02

తేల్చలేదు, అనుమానించారు. అనురాధపుర వైపు వరిరైతుల్లో జబ్బుంది. గ్లైఫోసేట్ అనే కలుపుమందు మీద అనుమానంతో 2015లో నిషేధించారు. 2018లో తేయాకు, రబ్బరు తోటలకి సడలించారు. రుజువు రాకముందే రాజకీయం వచ్చింది.

మధ్య అమెరికాలో వేరే దారి పట్టారు. నికరాగ్వాలో చిచిగల్పా అనే ఊరు, చుట్టూ చెరకు. మగవాళ్ళు పోయి పోయి అక్కడొక పేటకి విధవల దీవి అనే పేరొచ్చింది. కారణం మీద పూర్తి ఏకాభిప్రాయం లేకపోయినా, ఎండలో చెమటోడ్చి చెరకు నరకడం దెబ్బతీస్తోందని బలమైన అనుమానం ఉంది కాబట్టి, నీడ డేరాలు, తప్పనిసరి విరామాలు, నీళ్ళు పెట్టారు. పెట్టాక సీజను చివర్లో కిడ్నీ దెబ్బ తగ్గినట్టు కనిపించింది. చీటీలు తీసి రెండు గుంపులుగా విడగొట్టిన పరీక్ష కాదు, ముందూ తర్వాతా పోల్చింది, కాబట్టి దాన్ని దాని విలువకే తీసుకోవాలి. కారణం తెలిసేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదని మాత్రం తెలుస్తోంది.

అయితే అక్కడి లెక్క మనకి అలాగే అతకదు. అక్కడ జబ్బు చాలావరకు మగ కూలీలది. మన దగ్గర ఆడవాళ్ళలోనూ గట్టిగానే కనిపిస్తోంది.

గుర్రుమంటా | ఆదివారం, మధ్యాహ్నం 3:15

ఇవన్నీ వదిలేయండి. ఏ ప్రభుత్వం హయాంలో ఎంత ఖర్చు పెట్టారో

[మిగతా భాగం తొలగించబడింది]

వేదిక నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

పార్టీల పంచాయితీకి వేరే చర్చా దారం (థ్రెడ్) ఉంది. పలాసలో 200 పడకల ఆస్పత్రి, హిరమండలం నుంచి మంచినీటి పైపులు 2023 డిసెంబరులో మొదలయ్యాయి, డయాలసిస్ రోగులకి 2019 నుంచి నెలకి 10,000 పింఛను ఉంది. ఆ సమాచారం వరకు చాలు. ఎవరు గొప్ప అన్నది ఇక్కడ వద్దు.

గట్టుమీద | ఆదివారం, సాయంత్రం 4:30

ఒక మాట. పైపు నీళ్ళు తాగుతూ పెరిగే పిల్లలకి ఇరవై ఏళ్ళ తర్వాత జబ్బు రాకపోతే నేనన్నది నిజమైనట్టే కదా? అప్పటికి నేనుండను, ఎవరైనా గుర్తుపెట్టుకుని రాయండి.

మిసిసిపి_ఒడ్డు | ఆదివారం, సాయంత్రం 5:11

మాస్టారూ, ఈ దారంలో అసలైన పరిశోధన ప్రశ్న వేసింది మీరే. పైపు ముందొచ్చిన ఊళ్ళు, తర్వాతొచ్చిన ఊళ్ళు ఏవో ఇప్పుడే రాసిపెట్టుకుంటే పోల్చడానికి పనికొస్తుంది. ఇప్పుడు రాయకపోతే ఇరవై ఏళ్ళకి ఎవరికీ గుర్తుండదు.

బ్యాచ్_నంబర్ | ఆదివారం, రాత్రి 8:45

హైదరాబాద్‌లో ఫార్మా. కారణం సంగతి పక్కన పెడితే, కిడ్నీ మందుల్లో ఈ మధ్య నిజంగా కదలిక వచ్చింది. డాపాగ్లిఫ్లోజిన్ మొదట షుగర్ మందు. 2020లో డాపా సీకేడీ అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి. 4,304 మంది, అందులో షుగర్ లేనివాళ్ళూ ఉన్నారు. కిడ్నీ బాగా పడిపోవడం, డయాలసిస్, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణం, వీటన్నిటినీ కలిపి లెక్కేస్తే డమ్మీ మాత్ర మింగినవాళ్ళ కంటే 39 శాతం తక్కువ. మన దేశంలో పేటెంట్ అదే 2020లో అయిపోయి ధర దిగింది. ఉద్దానంలో అందరికీ ఇచ్చేస్తే పోలా?

రాత్రిడ్యూటీ | ఆదివారం, రాత్రి 11:20

అన్నా, ఆ ట్రయల్‌లో ఎవరిని చేర్చుకున్నారో చూడండి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 200కి పైన ఉన్నవాళ్ళనే. ఎర్రమట్టి వాళ్ళ నాన్నగారిలాంటివాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు. తర్వాత అదే జాతి మందు ఎంపాగ్లిఫ్లోజిన్‌తో జరిగిన ఎంపా కిడ్నీ ట్రయల్, 6,609 మంది, అందులో ఈజీఎఫ్‌ఆర్ 20కీ 45కీ మధ్య ఉంటే ఆల్బుమిన్ ఎంతైనా చేర్చుకున్నారు. కిడ్నీ దిగజారడం, గుండె జబ్బుతో మరణం కలిపి మొత్తం మీద 28 శాతం తగ్గాయి. కానీ ఆల్బుమిన్ తక్కువున్న గుంపులో ప్రధాన ఫలితం అంత స్పష్టంగా తేలలేదు, కిడ్నీ దిగజారే వేగం తగ్గిందన్నదే ఆశ.

పైగా ఈ మందుతో మూత్రం ఎక్కువ పోతుంది. మే నెలలో తోటలో గొయ్యి తవ్వే మనిషికి ఇస్తే? ఒళ్ళు ఎండిపోతే అదో ప్రమాదం. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజులు ఆపమని చెప్పాలి, ఆ మాట వినేలా చెప్పాలి. మా ప్రొఫెసర్లు కొందరికి ఇస్తున్నారు, కొందరికి ఇవ్వడంలేదు. ఉద్దానం రోగుల మీద నేరుగా ట్రయల్ చేస్తే గానీ ఈ వాదన తెగదు. అలాంటిది ఎవరైనా పెడితే నేను మొదట సంతోషిస్తాను. దయచేసి ఎవరూ ఇది చదివి మందుల షాపుకి వెళ్ళకండి.

ఇంకో చిన్న విషయం, మన ప్రాంతం కాబట్టి. కొబ్బరినీళ్ళు చల్లదనం అని కిడ్నీ రోగికి రోజుకి రెండు బొండాలు తాగిస్తున్నారు. అందులో పొటాషియం చాలా ఎక్కువ. జబ్బు ముదిరినవాళ్ళకి పొటాషియం పెరిగితే గుండె ఆగే ప్రమాదం ఉంది. నాన్నగారి రిపోర్టులో పొటాషియం ఎంతుందో చూసి డాక్టర్ని అడిగాకే.

ఎర్రమట్టి | సోమవారం, ఉదయం 6:50

రోజూ తాగుతున్నాడు సర్. సొంత చెట్లు కదా.

పాపికొండలు | సోమవారం, ఉదయం 9:00

నేను స్టాఫ్ నర్సుని, భద్రాచలం వైపు పుట్టి పెరిగాను. మీ నాన్నగారి కోపం నాకు అర్థమవుతుంది. 2009లో మా జిల్లాలో, అప్పటి ఖమ్మంలో, పది నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. కొన్ని మరణాలు జరిగాయని గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్ల సంతకాలున్నాయి. విచారణలో ఆ మరణాలకి టీకా కారణం కాదన్నారు, ఆ టీకా మంచిదే, మా అమ్మాయికి నేనే వేయించాను. కానీ మా ఊళ్ళో ఇప్పటికీ సూదిమందు క్యాంపంటే తలుపులు వేసుకుంటారు. తప్పు జరిగింది మందులో కాదు, కాగితంలో.

రక్తం ఇవ్వండి. ఊరికే మాత్రం ఇవ్వకండి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, ఒక కాపీ మీ ఇంట్లో ఉండాలి. అందులో ఎథిక్స్ కమిటీ (పరిశోధన పద్ధతిగా జరుగుతోందో చూసేవాళ్ళు) ఫోన్ నంబరు ఉంటుంది, ఉందో లేదో చూడండి. పరీక్షలో ఏదైనా తేడా వస్తే మాకు ఎన్ని రోజుల్లో చెప్తారు అని అడిగి రాయించుకోండి. వద్దనుకుంటే మధ్యలో మానేసే హక్కుంది, దానివల్ల ఆస్పత్రిలో వైద్యం ఆగకూడదు. సంతకం వచ్చినవాళ్ళచేత సంతకమే పెట్టించాలి.

పచ్చపులుసు | సోమవారం, ఉదయం 9:35

ఆ బాల్కన్ మొక్క మన దగ్గర ఉందా?

పిప్పెట్ | సోమవారం, ఉదయం 10:20

అదే కాదు, దాని చుట్టాలున్నాయి. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు అదే కుటుంబం. పాముకాటుకీ కడుపులో పురుగులకీ నాటుమందుగా వాడతారు. ఉద్దానం జబ్బు వీటివల్ల అని తేలలేదు, నేనూ అనను. కానీ కిడ్నీ తగ్గిన మనిషి నాటు కషాయాలు తాగుతుంటే అందులో ఏం వేశారో అడగండి. మా కౌంటర్ దగ్గర ఇదొక పెద్ద రహస్యం, ఇంట్లోవాళ్ళ ముందు చెప్పరు.

ఎర్రమట్టి | తర్వాతి ఆదివారం, రాత్రి 8:10

అందరికీ దండాలు. నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళాను. వాళ్ళు గురువారం వచ్చారు, ఇద్దరు అమ్మాయిలు, ఒక డ్రైవరు. నేను అడుగుదామని కాగితం మీద రాసుకున్నాను గానీ నోరు తెరిచే సందు దొరకలేదు. అరుగు మీద కూర్చుని నాన్నే మొదలెట్టాడు. "మొన్న పట్టుకెళ్ళిన సీసా ఏమైంది?" ఆ పిల్లలకి ఏం తెలుస్తుంది పాపం, వాళ్ళు అప్పటికి కాలేజీలో ఉండుంటారు. ఒకమ్మాయి మాత్రం ఎవరికో ఫోన్ చేసింది, అప్పటి బృందం వేరు, ఆ వివరాలు మా దగ్గర లేవని నిజం చెప్పింది. అది నాన్నకి నచ్చింది.

తర్వాత పత్రం మొత్తం చదివించుకున్నాడు. ముప్పావుగంట. మధ్యలో "సేకరించిన నమూనాలు భవిష్యత్తు అవసరాలకు" అని వస్తే ఆపి, ఏ అవసరాలకి అని అడిగాడు. జన్యువుల పరీక్షకంటే, దానికి మళ్ళీ వచ్చి అడగండి, ఇప్పటికి కిడ్నీ వరకే అన్నాడు. ఆ పిల్ల అక్కడ గీటు కొట్టి తేదీ వేసింది. సంతకం చేశాడు, పూర్తి ఇంటిపేరుతో, రెండు చోట్ల.

సూదులు మానేశాడు, నొప్పి ఉందని రోజూ తిడుతున్నాడు. బొండాలు డాక్టరు వద్దనేశారు, పొటాషియం 5.6 ఉందట. పొద్దున్నే వెళ్ళి పదకొండుకల్లా తోట నుంచి వచ్చేయమంటే అదొక్కటీ వినట్లేదు.

నిన్న శనివారం వాళ్ళే ఫోన్ చేసి క్రియాటినిన్ 1.9 అని చెప్పి, కాగితం ఆశా అక్కతో పంపారు.

పిప్పెట్ | తర్వాతి ఆదివారం, రాత్రి 8:31

తగ్గిందని సంబరపడకండి, ల్యాబు మారింది కదా. ఏ పద్ధతిలో చేశారో రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసి చెప్పండి.

ఎర్రమట్టి | తర్వాతి ఆదివారం, రాత్రి 8:44

నేను తిరిగి హైదరాబాద్ వచ్చేశాను అక్కా. కాగితం నాన్న దగ్గరే ఉంది. బీరువాలో పొలం దస్తావేజుల కింద పెట్టి తాళం వేశాడు, అమ్మకి కూడా ఇవ్వడట. రేపు ఫోన్‌లో చదివిస్తాను.